చదివినంక బోరింగ్ కొట్టుకో

మొన్న ఎండకాలం సెలవులకు ముందు మా బడిల సామాన్ల గది ఖాళీ చేసినం. సిలబస్ మారి ఏండ్లయిన పాత పుస్తకాలు ఒక మూలకు కుప్పవడి ఉన్నయి. తూకానికి ఇచ్చెతందుకు కట్టలు కడుతుంటే ఒక తాడు తెగి పుస్తకాలన్ని నేల మీద చెల్లాచెదరైనయి. పైకి కనవడ్డది ఏడో తరగతి సైన్సు పుస్తకం. నేను దాన్ని తీసుకొని నీళ్ల పాఠం ఎతికిన. ఎడమ దిక్కు పేజీ, కింది నుంచి రెండో పేరా. నాలుగు పేజీలు ఇటు, రెండు పేజీలు అటు తిప్పినంక దొరికింది. మా అటెండరు, కట్ట మళ్ల కట్టాలె మేడం అని రెండుసార్లు అన్నడు. నేను ఆ పేరా చివరి దాక చదివినంకనే పుస్తకం ఇచ్చిన.

ఆ పాఠం నా సర్వీసుల ఎన్నోసార్లు చెప్పిన. కని ఆ పేరా నాకు నేర్పింది మాత్రం ఒక ఆడమనిషి. ఐదో తరగతి కాన్నే బడి మానేసిన మనిషి. ఆమె పోయి రెండేండ్లయింది.

ఆమె పేరు రాయను. తన పేరు పేపర్ల పడుడు ఆమెకు ఇష్టం లేకుండె. ఆ ఊరి దిక్కు వంకరవోయిన కాళ్ల ఫోటోలు తీసుకపోయేటోళ్లు అప్పుడప్పుడు వచ్చేటోళ్లు. ఒకసారి ఒకాయన కెమెరా పట్టుకొని ఇంటి ముందల నిలబడితే, నా ఫోటో వద్దు, గీ పేజీ ఫోటో తీసుకపోండ్రి అని ఈ పుస్తకమే తెరిచి చూపెట్టింది. ఆయన నవ్వి, ఆమెనే తీయబోయిండు. ఆమె కుర్చీ గోడ దిక్కు తిప్పుకున్నది. ఆయన పోయేదాక ఇటు తిరగలే.

నేను పుట్టింది మక్తల్ దిక్కు. పెండ్లయి నల్లగొండకు వచ్చిన. రాష్ట్రం వచ్చిన కొత్తల మర్రిగూడ మండలంల ఒక ఊరి బడిల పని చేసిన. రోజూ నల్లగొండ నుంచి వచ్చిపోవుడు కాక, వారమంత ఊర్లనే ఉందామని గది చూసుకున్న. ఆమె తమ్ముని ఇంట్ల ముందు అర్రలు రెండు ఆమెవి. ఒకటి కిరాయికి ఇస్తదని చెప్తే పోయిన.

నేను రెండు బ్యాగులు పట్టుకొని గడపల నిలబడ్డప్పుడు ఆమె నాకు వీపు పెట్టి కుర్చీల కూసోని ఉన్నది. ముందల బల్ల, బల్ల మీద ఖాళీ నూనె డబ్బా, డబ్బా మీద చెక్క స్టాండు, స్టాండు మీద నిలువుగ పుస్తకం. మెడ కిందికి వంగదు గనక పుస్తకాన్నే కండ్ల దాక లేపుకున్నది. వేళ్లు పూరాగ ముడుచుకోవు. పెన్సిలును పిడికిట్ల ఇరికిచ్చుకొని, దాని ఎనుకనున్న రబ్బరుతోని పేజీ తిప్పేది.

"అక్కా, గది ఉందన్నరు" అన్న.

"ఆగు. ఈ పేరా అయిపోని" అన్నది.

ఎండల నిలబడ్డ. ఆమె చదువుతనే ఉన్నది. గొంతుల చిన్నగ రాగం ఉన్నది. అది పాటల పుస్తకమేమో అనుకున్న. జర చెవి పెట్టి వింటే కప్ప ఆహారం ఎట్ల అరిగిచ్చుకుంటదో ఆ సంగతి. వాళ్లమ్మ కూలిపని చేసుకుంట ఆదివారం చర్చిల పాటలు పాడేదంట. అమ్మ ఒళ్లె కూసోని ఆ పాటల పుస్తకంలనే ఈమె అచ్చరాలు నేర్చుకున్నది. అందుకని ఏది చదివినా ఆమెకు రాగం వచ్చేది.

పేరా అయిపోయినంక కుర్చీతో సహ నా దిక్కు తిరిగింది. మెడ ఒక్కటే తిరగదు, ఎవరిని చూడాలన్నా మనిషంత తిరగాలె. అందుకే ఆమె ఒకరిని చూసిందంటే నిండుగ చూసినట్టే ఉండేది. కిరాయి సంగతి ఎత్తలే. ఏం పుస్తకాలు తెచ్చుకున్నవు టీచరమ్మా అని అడిగింది. నా దగ్గర ఉన్నయి పోటీ పరీక్షల గైడ్లు. సిగ్గుపడుకుంటనే చెప్పిన. అయితే అవ్వే ఇయ్యి అన్నది. నెల రోజుల్ల జనరల్ నాలెడ్జి గైడు అట్ట నుంచి అట్ట దాక చదివి, రెండు తప్పులు పట్టి నాకు తిరిగి ఇచ్చింది. నేను మూడేండ్ల నుంచి అదే గైడు చదువుతున్న, ఒక్క తప్పు గూడ నా కంటికి ఆనలే.

పెద్ద బడి పక్కూర్ల ఉండె. అంత దూరం నడిచేతందుకు చిన్ననాడే ఆమె మోకాళ్లు సహకరియ్యలే. ఐదుతోనే ఆగిపోయింది. తమ్ముడు ఆరుకు పోతే ఆరో తరగతి పుస్తకాలు, ఏడుకు పోతే ఏడో తరగతివి ఈమె చదువుకున్నది. తమ్ముడు ఏడు తప్పి పత్తి చేండ్లకు పోవుడు మొదలుపెట్టిండు. ఇంటికి పుస్తకాలు వచ్చుడు గూడ అక్కడనే ఆగింది.

ఆమె సందుగ పెట్టెల ముఖ్యమైన పుస్తకాలు మూడు. ఒకటి ఆ ఏడో తరగతి సైన్సు. రెండోది ఎముకల గురించి ఉన్న పుస్తకం. ఊర్ల ఉండి పోయిన కాంపౌండరు ఒకాయన వదిలేసి పోయిండు. అండ్ల బొమ్మల పక్కన తెలుగుల పేర్లుంటయి. తన ఒంట్ల ఏ ఎముక ఏ ఏడు బిగుసుకున్నదో ఆమె వరుసగ చెప్పేది. అట్ల చెప్పేటప్పుడు ఏడుపు గొంతు ఉండకపోయేది. మనం ఊర్లకు వచ్చే బస్సుల టైములు చెప్తం చూడు, అట్ల చెప్పేది.

మూడోది అట్ట లేని లావుపాటి పుస్తకం. మొదటి పదకొండు పేజీలు లేవు. పేరేందో, రాసింది ఎవరో ఆమెకు తెల్వదు, నేను గూడ కనుక్కోలేకపోయిన. పాత సామాన్లోనికి ఓటువోయిన సిల్వర్ గిన్నె ఇచ్చి తీసుకున్నదంట. అండ్ల ఒక ఓడ కత. ఓడ ఎటో దూరదేశం పోయి తొవ్వ తప్పుతది. వాన పడ్డనాడు తప్ప కుంటల నీళ్లు కనవడని ఊర్ల కూసోని ఆమె ఓడల సంగతులన్ని చెప్పేది. తెరచాప ఎప్పుడు దించాలె, లంగరు ఏసేటప్పుడు ఎవరు యాడ నిలబడాలె, తాగే నీళ్ల పీపాలు ఓడల ఏ జాగల పెడతరు, అన్ని. ఒకనాడు నా ఫోన్ల సముద్రం చూపెట్టిన. చాన సేపు చూసింది. సప్పుడు ఇంక పెద్దగ ఉంటదనుకున్న అని ఫోన్ తిరిగిచ్చింది.

ఆమెకు ఒక ఊతపదం ఉండె. ఎవరన్న గాలి మాట చెప్తే, "గది ఏ పేజీల ఉన్నది?" అనేది. ఫలానా చెట్టు ఆకు కడితే మోకాళ్లు సాగుతయని పక్కింటామె చెప్తే ఏ పేజీల అని అడిగింది. ఆమె అలిగి వారం రోజులు మాట్లాడలే. చర్చిల అయ్యగారితోని గూడ ఒకసారి అట్లనే అన్నది. ఆయన పాపం నిజంగనే పేజీ ఎతికి చూపెట్టిండు. ఆయన మీద ఆమెకు చాన గౌరవం.

నేను వచ్చిన మొదటి వారంలనే బోరింగ్ నీళ్లు తాగొద్దని, క్యాన్ తెప్పిచ్చుకోమని చెప్పింది. మరి మీరో అని అడిగిన. అప్పుడు చెప్పింది.

చిన్ననాటి నుంచి నొచ్చే కాళ్లు పందొమ్మిదో ఇరవయ్యో ఏండ్లప్పుడు వంగుడు మొదలైంది. దవాఖానల వాతమన్నరు. ఇరుగుపొరుగు శాపమన్నరు. ఎవరో అమ్మను తప్పువట్టిన్రు. ఒకనాడు తమ్ముని పాత సైన్సు పుస్తకం తిరగేస్తుంటే నీళ్ల పాఠంల ఆ పేరా కనవడ్డది. లోతు రాళ్ల నుంచి వచ్చే కొన్ని నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువ ఉంటదని, ఏండ్లకేండ్లు అవి తాగితే పండ్లు గారవడతయని, ఎముకలు బిగుసుకపోతయని, ఒకసారి బిగుసుకపోయినంక మందు లేదని, వేరే మంచి నీళ్లు తాగుడొక్కటే తొవ్వ అని అండ్ల ఉన్నది. ఆమె ఆ పేరా నాలుగుసార్లు చదివి, తన మోకాళ్ల దిక్కు చూసుకొని, బాపు దగ్గరికి పుస్తకం తీసుకపోయింది. బాపు విని, మరి వేరే నీళ్లు యాడున్నయి బిడ్డా అన్నడంట.

"ఇరవై ఏండ్లకెక్కువ తెలిసి తాగిన టీచరమ్మా" అన్నది. "తెల్వక తాగినోళ్లకు నొప్పి ఒక్కటే. నాకు ప్రతి గిలాసకు గా పేరా యాదికొచ్చేది."

నేను ఆ ఊర్ల చేరిన రెండో ఏడో మూడో ఏడో కృష్ణ నీళ్లు వచ్చినయి. ట్యాంకు కట్టిన్రు, పైపులేసిన్రు, ఇంటింటికి నల్ల పెట్టిన్రు. మొదటి రోజు ఆమె నల్ల కాడికి కుర్చీ ఏయించుకున్నది. ఒక గిలాస తాగింది. ఇంకో గిలాస అడిగింది. మూడోది తాగుతుంటే తమ్ముడు నవ్విండు. ఆమె నవ్వలే, గిలాస చాపి నాలుగోది పట్టమన్నది.

నెల తిరగకముందే ఊరు మళ్ల బోరింగ్ కాడికి వచ్చింది. నల్ల దినం విడిచి దినం వస్తది, నీళ్లు మందు వాసన కొడుతున్నయి, చప్పగున్నయి అన్నరు. బోరింగ్ నీళ్లు సల్లగ తియ్యగ ఉంటయి, చాయ్ మంచిగయితది. చూస్తుండంగనే నల్ల నీళ్లు బట్టలకు, బాసండ్లకు అయినయి, బోరింగ్ నీళ్లు కడుపుకు అయినయి. ఆమె పంచాయతికి పోయి చెప్పింది. చెప్తమమ్మా అన్నరు. చర్చిల చెప్పింది. అందరు తల ఊపిన్రు. మాపటికి అదే బోరింగ్ సప్పుడు.

ఒక సోమవారం పొద్దుగాల నేను బడికి తయారవుతుంటే ఆమె ప్లాస్టిక్ కుర్చీ మోచేతికి తగిలిచ్చుకొని, సంచిల స్టాండు, పుస్తకం పెట్టుకొని మెల్లగ గల్లీల పోతున్నది. రెండు గల్లీల అవతల బోరింగ్. ఆమెకు అది చానా దూరం. ఎటు పోతున్నవక్కా అంటే, చదువుకునేతందుకు అన్నది.

బోరింగ్ పక్కన గద్దె మీద కుర్చీ ఏసుకొని, నీళ్లు మోసుకపోయేటోళ్లు బిందె పెట్టే దిమ్మె మీద స్టాండు పెట్టింది. మొదట వచ్చినామెతోని చెప్పింది, నేను ఎవరిని ఆపను, ఈ ఒక్క పేరా చదివినంక బోరింగ్ కొట్టుకో అని. చదువు రానోళ్లు నా ఎనుక అనుండ్రి అన్నది. చదవనంటే గూడ ఆపకపోయేది. ఆళ్లు బోరింగ్ కొడుతున్నంత సేపు తానే రాగం తీసి ఆ పేరా చదివేది. ఒక బిందె నిండేలోపు పేరా రెండుసార్లు అయ్యేది.

మా ఎనుక గల్లీల ఉండే ముసలాయన ఒకాయన మూడో రోజే లొల్లి పెట్టిండు. నేను బడికి రాలే బిడ్డా, నీళ్లకు వచ్చిన అన్నడు. కొట్టుకో మామా, నేను నా పని చేసుకుంట అని ఆమె మొదలుపెట్టింది. ఆయన తిట్టుకుంట కొట్టిండు. రోజూ తిట్టేటోడు, రోజూ వినేటోడు. పదిహేను రోజులకు ఆయన బోరింగ్ కొట్టుకుంట తనకు తెల్వకుంటనే ఆ పేరా గునుగుతుంటే అక్కడున్న ఆడోళ్లు నవ్విన్రు. అటెనుక ఆయన పగటాల్ల, ఆమె లేని టైముల రావడ్డడు. సంగతి తెలిసి ఆమె పగలు గూడ కూసునుడు మొదలుపెట్టింది. సద్ది కట్టుకొని పోయేది.

ఊర్ల మాటలు లేసినయి. కుంటిది బోరింగ్ కాపల కాస్తాందని నవ్విన్రు. ఎక్కువ బాధవడ్డది ఆమె మరదలు, తమ్ముని భార్య. నెమ్మదస్తురాలు. ఎవరెదుట గొంతెత్తని మనిషి. ఒకనాడు నా గదికొచ్చి, మా వదినెకు నువ్వు చెప్తే వింటది టీచరమ్మా, తల ఎత్తుకొని గల్లీల తిరగలేకపోతున్న అన్నది. మా హెడ్‌మాస్టరు సారు గూడ, మీ ఇంటామె సంగతుల మీరు తలదూర్చకండ్రి అని ముందే చెప్పి ఉండె. నాకు ఇద్దరి మాట సబబే అనిపిచ్చింది. ఆదివారం బోరింగ్ కాడికి పోయి చెప్పిన. అక్కా, ఇంత మందితోని పగ ఎందుకు, మెల్లమెల్లగ వాళ్లే మారతరు అన్న.

ఆమె స్టాండు నా దిక్కు తిప్పింది. చదువు అన్నది.

"అక్కా, నేను ఈ పాఠం పిల్లలకు చెప్తున్న" అన్న.

"చెప్తున్నవు. చదువు."

చదివిన. నలుగురు ఆడోళ్లు బిందెలు పెట్టుకొని వింటున్నరు. పేరా చివరికొచ్చినంక ఆమె మామూలు గొంతుతోనే అడిగింది, బడిల పిల్లలకు పగటి అన్నం ఏ నీళ్లతోని వండుతున్నరు అని.

బడి నల్లకు పైపు అతకలే. వంటామె బోరింగ్ నుంచే డ్రమ్ము నింపుకునేది. నేను రోజూ ఆ అన్నం చూస్తున్న, ఆ పప్పు రుచి చూసి రిజిస్టర్ల సంతకం పెడుతున్న. ఎడమ చేత్తోని ఆ పాఠం చెప్పి కుడి చేత్తోని ఆ సంతకం పెట్టినట్టయింది నా బతుకు. సోమవారం పోయి సారుతోని గట్టిగ మాట్లాడిన. ఆయన పై ఆఫీసుకు రాసినమన్నడు. పైపు అతికేదాక పక్కింటి నల్ల నుంచి పట్టుకుందమన్న. వంటామె, నేను, ఇద్దరం కలిసి పదకొండు రోజులు మోసినం. పన్నెండో రోజు పైపు అతికిన్రు. ఈ సంగతి ఆమెకు చెప్తే మెచ్చుకోలే. మంచిది, పెరుగు చేసే పాలల్ల ఏ నీళ్లు కలుపుతున్నరో గూడ చూడు అన్నది.

తమ్మునికి మాత్రం ఓపిక తగ్గింది. హోటల్ కాడ ఎవరో ఏదో అంటే కోపంతోని ఇంటికొచ్చి, కుర్చీ, స్టాండు, సంచి అన్ని లోపలి అర్రల పెట్టి తాళమేసిండు. ఊరంత నవ్వుతాంది అక్కా, ఇగ బంద్ చెయ్యి అన్నడు. ఏ పేజీల ఉన్నది అని ఆమె అడగలే. మరుసటి రోజు ఉత్త చేతులతోని పోయింది. గోడ పట్టుకొని నిలబడి, పుస్తకం లేకుంటనే పేరా చదివింది. నిలబడుడు ఆమెకు ఎంత కష్టమో ఇంట్లోళ్లకే తెల్సు. పావుగంటకే కాళ్లు వణుకుతయి. అట్ల పొద్దు ఎక్కేదాక నిలబడ్డది. ఆ రోజు ఎవరు నవ్వలే. ఇద్దరు ఆడోళ్లు బిందెలు ఖాళీగనే తిరిగి తీసుకపోయిన్రు.

తొమ్మిది దాటినంక తమ్ముడు కుర్చీ భుజం మీద పెట్టుకొని వచ్చిండు. గద్దె మీద ఏసిండు. స్టాండు పెట్టి, పుస్తకం తెరిచి, పేజీ తెల్వక ఆగిండు. ఎడమ దిక్కుది అని ఆమె చెప్పింది. ఆయన పేజీ తీసి పెట్టి, కూసో అని, చేనుకు పోయిండు. ఆ తర్వాత రోజూ కుర్చీ ఆయనే మోసిండు. ఆ సంగతి మీద అక్కా తమ్ముడు మాట్లాడుకున్నట్టు నేనెన్నడు వినలే.

అటెనుక కొన్ని రోజులకు మరదలి తల్లిగారోళ్లు సుట్టపుచూపుగ వచ్చిన్రు. నల్ల నీళ్ల చాయ్ వాసనొస్తాందని పక్కన పెట్టిన్రు. మరదలు సిగ్గుపడి, బిందె పట్టుకొని, నాలుగేండ్ల బిడ్డను సంకలేసుకొని బోరింగ్ కాడికి వచ్చింది. ఆ రోజు సెలవు, నేను అక్కడనే ఉన్న. ఇంటి మనిషే బిందెతోని వచ్చేసరికి అందరు పని ఆపి చూసిన్రు.

"చదివినంక కొట్టుకో" అని అక్క అందరికి చెప్పినట్టే చెప్పింది.

నాకు చదువు రాదు వదినె అన్నది మరదలు. ఐదు దాక పోయినవు గద, పెండ్లినాడు మీ నాయిన చెప్పిండు అన్నది ఈమె. అన్ని మర్చిపోయిన అని ఆమె తల దించుకున్నది. ఈమె పెన్సిల్ పెట్టి ఒక్కొక్క అచ్చరం చూపెట్టింది. మరదలు కూడబలుక్కుంట మొదలుపెట్టింది. నాలుగు లైన్ల పేరాకు చాన సేపు పట్టింది. ఎనుక బిందెలు వరుస కట్టినయి, ఎవరు తొందర పెట్టలే. ఎముకలు అన్న మాట దగ్గర ఆమె ఆగింది. పెన్సిల్ పట్టుకున్న వదినె వేళ్ల దిక్కు చూసింది. అవి రోజూ చూసేవే, ఆ వేళ్లకు రోజూ అన్నం కలిపి పెట్టేది ఆమెనే. అయినా అప్పుడు మొదటిసారి చూసినట్టు చూసి, సంకల ఉన్న బిడ్డను ఇంకో దిక్కు మార్చుకొని, మిగిలిన పేరా పూర్తి చేసింది. బిందె ఖాళీగనే ఎత్తుకొని పోయింది.

మరుసటి రోజు పొద్దుగాల మరదలు వదినె తల దువ్వుకుంట, ఈ పాఠంల ముందటి పేరాల ఏమున్నది అని అడిగిందంట. అది నాకు చెప్పేటప్పుడు మాత్రం అక్క ముఖంల సంబురం దాగలే.

ఆ ఏడంత బోరింగ్ కాడ ఇంకో పని గూడ జరిగింది. పేరా అందరికి నోటికొచ్చినంక, ఊరికే కూసునుడెందుకని ఆమె ఓడ కత చెప్పుడు మొదలుపెట్టింది. రోజుకు కొంచెం. కందులు ఏరుకుంట, పేలాలు చెరుగుకుంట ఆడోళ్లు వచ్చి కూసునేటోళ్లు. బిందెలు తెచ్చేటోళ్లు కాదు. ఓడల మంచి నీళ్ల పీపాలు అయిపోతయి, సముద్రం నీళ్లు తాగి ఎవరూ సావకుంట కప్తాను ఓడ అంచుకు ఒక మనిషిని కాపల పెడతడు. ఆ జాగకు వచ్చినప్పుడు ఒకామె, గా మనిషి నువ్వే గదక్కా అన్నది. ఈమె ఒప్పుకోలే. ఆ మనిషి కండ్లు మూసుకొని నిద్రపోయిండు, నేను పోలే అన్నది.

ఊరు మెల్లగనే మారింది. ఒకనాడు ఆఫీసు నుంచి ఎవరో వచ్చి, ఇంత తిప్పలెందుకు, బోరింగ్ హ్యాండిల్ ఊడదీసుకపోతం అన్నరు. ఆమె వద్దన్నది. గొడ్లకు, బట్టలకు నీళ్లు కావాలె, పైగా హ్యాండిల్ తీస్తే చేన్ల బోర్లకు పోతరు, చదివితే పోరు అన్నది. రెండో ఎండకాలం పైపు పగిలి తొమ్మిది రోజులు నల్ల రాలే. ఆ తొమ్మిది రోజులు ఊరోళ్లే వంతులేసుకొని పక్కూరి ట్యాంకు నుంచి ఆటోల డ్రమ్ములు తెచ్చిన్రు. తిట్టిన ముసలాయన గూడ డ్రమ్ము కాడ వరుసల నిలబడ్డడు. అది చూసి ఆమె కుర్చీ ఇంటికి తెచ్చుకున్నది. మళ్ల తీసుకపోలే.

తర్వాత మా ఆయన నౌకరి వల్ల మేము మహబూబ్‌నగర్ వచ్చినం. ఫోన్లు చేసుకునేటోళ్లం. ఆమె కాళ్లల్ల స్పర్శ పోవుడు మొదలైంది. నల్లగొండ దవాఖానల డాక్టరు స్కానింగ్ తీసి, నరం ఒత్తుకపోయిందని చెప్పవోతే, ఏ పూస కాడ సారు అని అడిగిందంట. ఆయన చెప్పకముందే, మెడల ఐదోదా ఆరోదా అని తానే అడిగిందంట. ఆయన పెన్ను కింద పెట్టి, నువ్వేం చదివినవమ్మా అన్నడు. ఏడు అన్నది. మందు లేదు గద అని గూడ ఆమెనే చెప్పింది.

నేను ఆఖరుసారి చూసినప్పుడు మంచంల ఎల్లెలకల పడుకొని ఉన్నది. కూసోలేకపోయేది గనక స్టాండు పనికి రాలే. మరదలు పక్కన కూసోని పుస్తకం ఆమె ముఖం మీదికి ఎత్తి పట్టుకొని చదువుతున్నది. తడబడకుంట, ఆగకుంట, అదే రాగంతోని. నేను గడపల నిలబడ్డ. పేరా అయిపోయినంక మరదలే లేచి కుర్చీ ఏసింది.

ఏమన్న కావాల్నా అక్కా అని అడిగిన. పండ్లు తెచ్చిన, బ్రెడ్డు తెచ్చిన. అవి చూడలే.

"ఎనిమిదోది తెస్తవా?" అన్నది. "ఏడు కాన్నే ఎన్నేండ్లు కూసోవాలె?"

ఎనిమిది, తొమ్మిది, పది, మూడు తరగతుల పుస్తకాలు పంపిన. ఒక్క సైన్సే కాదు, అన్ని సబ్జెక్టులు. మరదలు చదువుడు, ఆమె వినుడు, పాఠం అయిపోయినంక ఎనుక ఉన్న ప్రశ్నలకు ఇద్దరు జవాబులు చెప్పుకునుడు. అర్థం కాకుంటే నాకు ఫోన్ చేసేటోళ్లు. ఎనిమిది ఐదు నెలలల్ల అయిపోయింది. తొమ్మిది సైన్సు సగానికి వచ్చింది. ఒక పొద్దున తమ్ముడు ఫోన్ చేసి, అక్క పోయింది టీచరమ్మా అన్నడు.

పోయిన. చర్చి ఎనుక పెట్టిన్రు. ఊరు ఊరంత వచ్చింది. మట్టి పోసినంక ఆడోళ్లు పాట ఎత్తుకున్నరు. నాకు పాట రాదు, నిలబడ్డ.

మూడో రోజు నేను బయలెల్లేటప్పుడు మరదలు నన్ను పక్కకు పిలిచింది. పెద్దోళ్లు ఇంటి కాడనే చదువుకొని పది పరీక్ష రాసేది ఉంటదంట గద, దానికి ఏం చెయ్యాలె అని అడిగింది. మీ వదినె కోసమా అన్న. నాకు అట్లనే తోచింది.

"ఆమె కోసం కాదు టీచరమ్మా. తొమ్మిదిల గా పాఠం నడుమ ఆగింది. మిగిలింది ఏందో నాకు తెల్వాలె."

ఫారం నేనే నింపి పంపిన. పత్తి ఏరుకుంట, వండుకుంట, బిడ్డను బడికి తోలుకుంట ఆమె తయారైంది. మొదటిసారి రాస్తే తెలుగు, సైన్సు, సోషల్ పాసైంది. లెక్కలు తప్పింది. ఫలితం వచ్చిన రోజు నేనే భయపడుకుంట ఫోన్ చేసిన. ఫికర్ లేదు, మళ్ల ఫీజు కట్టిన, ఇప్పుడు సమీకరణాలు చేస్తున్న అన్నది. ఇంకేదో చెప్పబోయిన. ఆగు టీచరమ్మా, గీ ఒక్క లెక్క అయిపోని అని ఫోన్ పక్కన పెట్టింది. లైన్ల పెన్సిల్ గీస్తున్న సప్పుడు వినవడుతున్నది. నేను ఆగిన.